పేరు రాయికి, నీరు చెట్టుకు: చిత్తూరు పల్లెలో ఒక సైనిక స్మారక వనం

2020లో ఒక సాయంత్రం ఫోను వచ్చింది. అవతలి వ్యక్తి సుబేదారుగా పదవీ విరమణ చేసిన పెద్దాయన. పరిచయాలు అయ్యాక నేరుగా విషయానికి వచ్చారు. "సార్, మా ఊళ్ళో తొమ్మిది చెట్లు పెట్టాం. ఏడు ఎండిపోయాయి. మామూలు చెట్లయితే మళ్ళీ పెట్టుకుంటాం. వీటికి ఒక్కోదానికి ఒక్కో పేరు రాసి ఉంది."

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో రోడ్ల పక్కన, బడుల్లో, గుడి మాన్యాల్లో చెట్లు పెంచే పనిలో నాకు ఇరవై ఏళ్ళ అనుభవం ఉంది. నా లెక్క ఎప్పుడూ ఒకటే: వందలో ఎన్ని బతికాయి? ఎనభై బతికితే మంచి పని, అరవై బతికితే ఫరవాలేదు. సుబేదారు గారి ఫోనుతో ఆ లెక్క పనికిరాకుండా పోయింది. కొడుకు పేరు రాసిన చెట్టు ఎండిపోయిన ఇంటికి వెళ్ళి 'ఎనభై శాతం బతికాయమ్మా' అని చెప్పలేం కదా.

ఆ పనిలో నేను చేసినవి, చేయకుండా ఉండవలసినవి, మొదటి రెండేళ్ళలో అర్థం కానివి ఇక్కడ రాస్తున్నాను. ఊరి పేరు, కుటుంబాల పేర్లు రాయడం లేదు. మొగిలి ఘాట్ ఎక్కాక పలమనేరు వైపు ఉన్న ఒక పంచాయతీ అని మాత్రం చెబుతాను.

తవ్వి చూస్తే తెలిసినవి

2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయినప్పుడు ఆ ఊళ్ళోనూ కొవ్వొత్తుల ఊరేగింపు జరిగింది. 'మన ఊరి వాళ్ళకు ఏం చేశాం?' అన్న మాట అక్కడే పుట్టింది. ఊరు, చుట్టూ ఉన్న పల్లెల నుంచి సైన్యానికి వెళ్ళి తిరిగిరాని వాళ్ళు తొమ్మిది మంది. 1962 నాటి యుద్ధంలో పోయినవారు మొదలుకొని కశ్మీరులో పోయిన కుర్రవాడి దాకా. ఆ ఆగస్టు 15న ఊరి రోడ్డుకు రెండు వైపులా అరవై మొక్కలు నాటారు. అందులో తొమ్మిదింటికి ఇనుప కంచెలు బిగించి, రేకు మీద పేరు, పుట్టిన ఊరు, చనిపోయిన చోటు రాయించారు.

ఎండిన మొక్కను పీకి పారేయకుండా చుట్టూ తవ్వి వేరు చూడడం నాకు అలవాటు. ఆ రోజు ఏడింటినీ తవ్వించాను. ఊరివాళ్ళకు నచ్చలేదు, సమాధి తవ్వినట్టు ఉందని ఎవరో అన్నారు. అయినా తవ్వాను, ఎందుకంటే కారణం తెలియకుండా మళ్ళీ నాటితే మళ్ళీ అదే జరుగుతుంది.

నాలుగు మొక్కల వేళ్ళు నర్సరీ సంచిలో ఎలా చుట్టుకుని ఉన్నాయో మట్టిలోనూ అలాగే చుట్టుకుని ఉన్నాయి. ఫొటోలో బాగా కనిపించాలని ఎనిమిది అడుగుల మొక్కలు తెచ్చారు. సంచిలో రెండేళ్ళు మగ్గిన మొక్కకు పైన కొమ్మ ఎంత ఉన్నా కింద వేరు ముద్దగా ఉంటుంది. ఎర్ర గరప నేలలో గడ్డపారతో తీసిన అడుగు లోతు గుంతలో ఆ ముద్దను దించితే పూలకుండీలో పెట్టినట్టే. ఒకదాని మొదలును చెదలు తినేశాయి. పేరు రేకు నిలబడడానికి పోసిన సిమెంటు దిమ్మ ఇంకో రెండింటి వేళ్ళకు ఒక పక్కన గోడ కట్టేసింది.

వీటన్నిటికీ మించిన కారణం లాక్‌డౌన్. 2020 మార్చి చివరి వారంలో ట్యాంకర్ ఆగిపోయింది, జూన్ దాకా రాలేదు. ఏప్రిల్, మే ఎండలకు మొదటి ఏటి మొక్క నీళ్ళు లేకుండా ఎలా బతుకుతుంది?

బతికిన రెండింటి సంగతి చూస్తే నవ్వొచ్చింది. ఒక వేప చేతిపంపు పక్కన ఉంది. ఒక కానుగ టీ కొట్టు ముందు, గ్లాసులు కడిగిన నీళ్ళు పారబోసే చోట ఉంది. ఎవరూ వాటిని కాపాడాలని అనుకోలేదు. రోజూ నీళ్ళు పారబోసే మనిషి దగ్గరలో ఉన్నాడు, అంతే. పేరు రేకుల కన్నా టీ కొట్టు యజమాని చెట్టుకు ఎక్కువ మేలు చేశాడు. తరువాత వనానికి చోటు వెతకడంలో నాకు దారి చూపింది ఆ కానుగే.

ఎండిపోయిన చెట్లలో ఒకటి కశ్మీరులో పోయిన కుర్రవాడిది. కొడుకు చెట్టు కనిపించకూడదని వాళ్ళ అమ్మ ఆ రోడ్డు మీద బస్సెక్కడం మానేసి, పొలం గట్ల వెంట నడిచి పక్క ఊరి స్టేజీలో ఎక్కుతోంది. ఈ విషయం నాకు ఆమె చెప్పలేదు, సుబేదారు గారు చెప్పారు.

ఎవరి పేర్లు?

చెట్ల కన్నా పేర్ల దగ్గర ఎక్కువ రోజులు పట్టింది. తొమ్మిది పేర్లు ఎవరు తేల్చారని అడిగితే ఎవరూ గట్టిగా చెప్పలేదు. పంచాయతీ సమావేశంలో మూడు కొత్త పేర్లు వచ్చాయి. ఒకరు సెలవు మీద ఇంటికి వస్తూ రోడ్డు ప్రమాదంలో పోయారు. ఒకరు ఎత్తైన మంచు ప్రాంతంలో విధుల్లో ఉండగా జబ్బు చేసి పోయారు. మూడో ఆయన సైన్యంలో కాదు, సీఆర్‌పీఎఫ్‌లో పనిచేశారు. 'ఆయన అమరుడే కాదా?' అని వాళ్ళ తమ్ముడు గట్టిగా అడిగాడు.

మనం వార్తల్లో, ప్రసంగాల్లో వాడే 'అమరవీరుడు' అన్న మాటకు సైనిక దస్తావేజుల్లో అధికారిక నిర్వచనం లేదు. యుద్ధంలో, శత్రు చర్యలో పోయినవారిని ఒక వర్గంగా, ఇతర కారణాలతో పోయినవారిని మరో వర్గంగా లెక్కిస్తారు. అది పింఛనుకు, పరిహారానికి సంబంధించిన లెక్క. ఊరి స్మారకానికి అదే కొలబద్ద కావాలా? చెట్ల మనిషిని గనుక నేను నోరు మెదపలేదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలోని రికార్డుతో సరిచూసుకున్నాక సుబేదారు గారే తేల్చారు: "యూనిఫారంలో ఉండగా పోయిన ప్రతివాడూ మనవాడే. ఎలా పోయాడన్నది రాయి మీద రాయం." పన్నెండు పేర్లయ్యాయి.

ఇలాంటి పని తలపెట్టే ఊళ్ళకు నా సలహా ఇది: మొక్కలు కొనే ముందే పేర్ల తీర్మానం రాతపూర్వకంగా చేసుకోండి. గుంతలు తీశాక పేర్ల తగాదా వస్తే ఆ గుంతలు వానకు పూడిపోతాయి.

చోటు

రోడ్డు పక్కన వద్దన్నాను. పైన పదకొండు వేల వోల్టుల తీగ ఉంది. పదేళ్ళకు విద్యుత్ సిబ్బంది వచ్చి కొమ్మలు నరుకుతారు, అది వాళ్ళ బాధ్యత. పైగా చిత్తూరు జిల్లాలో ఈ పదిహేనేళ్ళలో ఎన్ని రోడ్లు వెడల్పు చేశారో, ఎన్ని చింతచెట్లు పోయాయో నా కళ్ళతో చూశాను. రోడ్డు హద్దులో పెట్టిన చెట్టు రోడ్డుదే, మనది కాదు.

చెరువు కట్ట మీద పెడదామన్నారు. కట్టకు పెద్ద చెట్ల వేళ్ళు మంచివి కావు. చెట్టు ఎండితే వేరు పుచ్చిపోయిన దారిలో నీళ్ళు ఊరతాయి. చెరువు లోపలి భాగంలో అసలే వద్దు.

చివరికి ఉన్నత పాఠశాల ఆటస్థలానికి ఆనుకుని అర ఎకరం పోరంబోకు దొరికింది. అక్కడ నాకు నచ్చింది నేల కాదు, మురుగు కాలువ. బడి నడిచే రోజుల్లో మధ్యాహ్న భోజనం అయ్యాక రెండు వందల మంది పిల్లలు కంచాలు, చేతులు కడిగిన నీళ్ళు అటే పారతాయి. టీ కొట్టు కానుగ గుర్తుకు వచ్చింది.

అయితే బడి ఏప్రిల్ చివర మూసేసి జూన్‌లో తెరుస్తారు. చెట్టుకు నీళ్ళు ప్రాణంతో సమానమైన ఆ నెలన్నర రోజులు కంచాలు కడిగేవాళ్ళు ఉండరు. ఈ సంగతి నేను ముందే ఊహించానని చెప్పుకోవడం అబద్ధమవుతుంది. 2021 మే మొదటి వారంలో వెళ్ళి కాలువ ఎండి ఉండడం చూసి తల పట్టుకున్నాను. ఆ ఏడు కోవిడ్ రెండో దశ కారణంగా బడి ఇంకా ముందే మూతపడింది.

ఏ చెట్లు

కుర్రవాళ్ళంతా ఒకే మాట మీద ఉన్నారు: ఎర్రచందనం. 'మన శేషాచలం చెట్టు, ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు, మన వీరులకు అదే సరి' అన్నారు. మాట నిజమే. తూర్పు కనుమల దక్షిణ కొసలో, ముఖ్యంగా మన చిత్తూరు, కడప వైపు కొండల్లోనే పెరిగే చెట్టు అది. కానీ దానితో మూడు చిక్కులున్నాయి. మొదటిది, దొంగలు. అడవిలో కాపలా ఉన్న చోటే వాటిని నరుకుతుంటే బడి పక్కన ఎవరు కాపలా కాస్తారు? రెండోది, కాగితాలు. సొంత పొలంలో పెంచినా నరకడానికి, తరలించడానికి అనుమతులు కావాలి. గాలివానకు ఒక చెట్టు పడిపోతే దాన్ని పక్కకు లాగడానికి కూడా అర్జీలు పెట్టుకోవలసి వస్తుంది. మూడోదాన్ని తేలిగ్గా చెప్పి వదిలేశాను, తరువాత అదే నా మెడకు చుట్టుకుంది: ఎర్రచందనం ఎండాకాలం ముందు ఆకంతా రాల్చేస్తుంది.

బేరాలు ఆడి ముప్ఫై మొక్కలకు ఒప్పందం కుదిరింది. వేప ఎనిమిది, కానుగ ఆరు, పొగడ అయిదు, నేరేడు నాలుగు, చింత మూడు, ఎర్రచందనం మూడు, మధ్యలో ఒక రావి. గుల్‌మొహర్ అడిగినవాళ్ళకు వద్దని చెప్పాను. మేలో ఎర్రగా పూస్తుంది, చూడడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ కొమ్మ పెళుసు. 2016 డిసెంబర్‌లో వర్దా తుపాను వచ్చినప్పుడు చెన్నైలో వేల చెట్లు కూలాయి, వాటిలో ఎక్కువ ఇలాంటి బయటి దేశాల నుంచి తెచ్చిన రకాలే. పొగడ అలా కాదు. చాలా నిదానంగా పెరుగుతుంది, నాటినవాడికి ఓపిక ఉండాలి, కానీ గాలికి వంగదు, ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. నన్నడిగితే స్మారకానికి పొగడను మించిన చెట్టు ఈ ప్రాంతంలో లేదు.

మొక్కలు మూడు అడుగుల లోపు ఉన్నవే తెచ్చాను. 'ఇంత చిన్నవా?' అని సర్పంచ్ ముఖం చిన్నబుచ్చుకున్నారు. రెండు అడుగుల చదరం, రెండు అడుగుల లోతు గుంతలు యంత్రంతో తీయించి, నెల రోజులు ఎండకు వదిలి, పై మట్టి, మాగిన పశువుల ఎరువు, వేప పిండి కలిపి నింపాం. వేళ్ళు చుట్టుకున్న చోట కత్తితో నిలువునా గీసి విప్పాను.

తేదీ మీద కూడా వాదన జరిగింది. వాళ్ళకు ఆగస్టు 15 కావాలి, నాకు అక్టోబర్ మూడో వారం కావాలి. పలమనేరు వైపు నైరుతి వానలు పడతాయి, అయితే నిలకడగా తడిపేవి ఈశాన్య వానలే. అక్టోబర్‌లో నాటిన మొక్కకు డిసెంబర్ దాకా తడి అందుతుంది, ఆపైన చలి, మొదటి ఎండ తగిలేసరికి వేరు కిందికి దిగి ఉంటుంది. జాతీయ పండుగ రోజున నాటితే జనం వస్తారు. అక్టోబర్‌లో నాటితే మొక్క వస్తుంది. ఆగస్టు 15న గుంతల దగ్గర కుటుంబాల చేత తలా పిడికెడు మట్టి వేయించి, అక్టోబర్ 20న మొక్కలు నాటాం.

నెల తిరిగిందో లేదో నివర్ తుపాను. 2020 నవంబర్ 25 రాత్రి పుదుచ్చేరి దగ్గర తీరం దాటి, మన జిల్లా మీద రెండు రోజులు కురిసింది. పాదుల్లో నీళ్ళు నిలిచి రెండు నేరేళ్ళు పోయాయి. నేరేడుకు నీళ్ళంటే ఇష్టమే, కానీ నెల రోజుల పిల్ల మొక్క బురదలో ఊపిరాడక చనిపోతుంది. కాలువకు దగ్గరగా, పల్లంలో పెట్టింది నేనే కాబట్టి ఆ తప్పు పూర్తిగా నాది.

నీళ్ళు

ఎండిన కాలువ దగ్గరికి మళ్ళీ వస్తాను. 2021 మేలో మేము పట్టుకున్న ఉపాయం కొత్తదేమీ కాదు, కుండ సేద్యం. రంగు, మెరుగు వేయని మట్టి కుండను మొక్కకు అడుగున్నర దూరంలో మెడ దాకా పాతిపెట్టి నీళ్ళు నింపాలి. మట్టి గోడలోంచి నీరు నిదానంగా ఊరుతుంది. నేల తడిగా ఉంటే ఊట తగ్గుతుంది, పొడిగా ఉంటే పెరుగుతుంది. పది పన్నెండు లీటర్ల కుండను అయిదారు రోజులకోసారి నింపితే చాలు. బిందెతో పాదులో పోస్తే ఆ నీళ్ళలో సగం ఎండకే పోతాయి.

జాగ్రత్తలు రెండు. మూత లేకపోతే దోమలు. జాతరల్లో మిగిలిన రంగు కుండలు తక్కువ ధరకు వచ్చాయని కొన్నారో, అవి ఊరవు. మా దగ్గర ఆరు కుండలు అలాగే వచ్చాయి, వారం తరువాత చూస్తే పోసిన నీళ్ళు పోసినట్టే ఉన్నాయి.

పాదుల్లో వేరుశనగ పొట్టు పరిచాం. మన జిల్లాలో దానికి కొదవ లేదు. కానీ చెదలు ఉన్న ఎర్ర నేలలో పొట్టును మొదలుకు తగిలేలా పోస్తే చెదలను విందుకు పిలిచినట్టే. జానెడు ఎడం వదలాలి.

ఇక నీళ్ళు ఎవరు పోయాలి? సుబేదారు గారు ఒక నోటు పుస్తకంలో డ్యూటీ పట్టిక రాశారు. ముప్ఫై ఇళ్ళు, ఇంటికి నెలలో ఒక రోజు. రాకపోతే సాయంత్రం ఆయనే ఆ ఇంటి ముందు నిలబడేవారు, ఏమీ అనేవారు కాదు. ఒకాయన నాతో చెప్పుకుని వాపోయాడు: "తిట్టినా బాగుండును సార్. ఊరికే నిలబడి మా ఇంటి గడియారం చూస్తారు." ఆ వేసవిలో ఒక్క మొక్క కూడా పోలేదు.

ఈ పట్టికలో అమరుల కుటుంబాలను వేరుగా పెట్టకపోవడం సుబేదారు గారి నిర్ణయం. ఎవరి చెట్టుకు వాళ్ళే పోసుకునే పద్ధతి అయితే చెన్నైకో బెంగళూరుకో వలస వెళ్ళిన కుటుంబం చెట్టు ముందు ఎండిపోతుంది. అసలు ఇంట్లో ఎవరూ మిగలని వాళ్ళ మాట ఏమిటి? 1962లో పోయినాయనకు ఊళ్ళో చుట్టాలే లేరు.

కర్పూరం

మొక్కల మీద పేర్లు అప్పటికీ ఉన్నాయి. ముప్ఫైలో పన్నెండు మొక్కలకు ఒక్కో పేరు. రేకులు వద్దన్నాను గాని పేర్లే వద్దనాలని నాకు తట్టలేదు. అప్పుడు నా దృష్టి అంతా వేళ్ళ మీదే.

2021 మార్చిలో బెంగళూరు నుంచి ఒకాయన ఫోను చేశాడు. అన్న వర్ధంతికి ఊరికి వచ్చి చూస్తే చెట్టు చచ్చిపోయిందట. గొంతు వణుకుతోంది. అది ఎర్రచందనం. పక్కన ఎవరైనా ఉంటే బెరడు మీద గోటితో సన్నగా గీరి చూడమన్నాను. కాసేపు చప్పుడు లేదు. "పచ్చగా ఉంది సార్" అన్నాడు. ఆకు రాల్చే కాలం అని, వేసవి మధ్యలోనే చిగురు వేస్తుందని చెప్పాను. నమ్మాడో లేదో తెలియదు, మే చివర చిగురు ఫొటో పంపితే రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. ఆ మూడో చిక్కును ముందే వివరంగా చెప్పి ఉంటే ఆయనకు ఆ గంట తప్పేది.

అసలు దెబ్బ ఆ తరువాత తగిలింది. వర్ధంతి రోజున ఒక కుటుంబం పొగడ మొదట్లో పసుపు, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, కర్పూరం వెలిగించింది. ఏడాది మొక్క, బొటనవేలంత మొదలు. ఒక పక్క బెరడు కమిలిపోయింది. ఇంకో కుటుంబం చెట్టుకు జెండాను ఇనుప తీగతో బిగించి కట్టింది. కాండం లావయ్యేకొద్దీ తీగ కోసుకుపోయింది. మరొకరు చుట్టూ అరుగు కట్టించడానికి ఇటుకలు దింపారు. రావి కింద రచ్చబండ చూసి పెరిగిన మనకు చెట్టు అంటే అరుగు గుర్తుకొస్తుంది. కానీ ఆ అరుగు యాభై ఏళ్ళ చెట్టుకు కట్టింది. పిల్ల మొక్క మొదలు మీద అడుగున్నర మట్టి పోసి సిమెంటు చేస్తే మొదలు కుళ్ళుతుంది.

ఇవేవీ నిర్లక్ష్యం వల్ల జరిగినవి కావు. ప్రేమ వల్లే జరిగాయి. కాబట్టి 'చేయవద్దు' అనే బోర్డు పెడితే వినరు, వినకూడదు కూడా. ఆ దీపం, ఆ పసుపు ఎక్కడో ఒక చోట పెట్టుకోవాలి కదా.

దారి చూపింది చెరువు కట్ట మీద ఉన్న ఒక పాత రాయి. కత్తి, డాలు పట్టుకున్న మనిషి బొమ్మ, పైన అరిగిపోయిన అక్షరాలు. వీరగల్లు, అంటే పోరులో పడిపోయిన వీరుడికి నిలిపిన రాయి. పుంగనూరు, పలమనేరు ప్రాంతాల్లో ఇలాంటివి చాలా కనిపిస్తాయి. బాణులు, వైదుంబులు, నొలంబులు అనే రాజవంశాలు ఈ నేల కోసం కొట్టుకున్న 9వ శతాబ్దంలో, సోరెమడి యుద్ధంలో పడిపోయినవారికి నిలిపిన రాళ్ళు పుంగనూరు వైపు దొరికాయి. ఆ ఊళ్ళో ఆ రాయిలోని మనిషి ఎవరో ఎవరికీ తెలియదు. అయినా ప్రతి శుక్రవారం ఎవరో ఒకరు పసుపు రాస్తారు, దీపం పెడతారు. కమిలిన పొగడ దగ్గర నిలబడి మేము మాట్లాడుకుంటుంటే మేకలు తోలుకుపోతున్న ఒక ముసలామె అంది: "రాతికైతే ఎంత కర్పూరం పెట్టినా ఏమవుతుంది నాయనా?"

మర్నాడే పంచాయతీలో పెట్టాం. పేర్లన్నీ ఒకే రాయి మీద. దీపం, టెంకాయ, దండ అన్నీ అక్కడ. చెట్లకు పేర్లు ఉండవు, ముప్ఫై చెట్లూ పన్నెండు మందివీ. కుప్పం వైపు క్వారీల నుంచి ఆకుపచ్చ చారల గ్రానైట్ పలక తెచ్చి 2022 జనవరి 26న నిలబెట్టారు. ఏ పేరు ముందు అన్న తగవు రాకుండా సంవత్సరం వరుసలో రాయించారు.

ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకం అమరిక కూడా ఇదేనని నాకు తరువాత తెలిసింది. అక్కడ పాతిక వేలకు పైగా పేర్లు త్యాగ చక్రంలో గ్రానైట్ మీద ఉన్నాయి. బయటి వలయమైన రక్షక చక్రంలో చెట్లు వరుసలు కట్టి నిలబడి ఉంటాయి, పేర్లు లేకుండా. దీనికి పూర్తిగా వేరే పద్ధతి ఆస్ట్రేలియాలోని బల్లరాట్‌లో ఉంది. 1917 నుంచి 1919 వరకు 22 కిలోమీటర్ల రోడ్డు పొడవునా 3,771 చెట్లు నాటారు, ఆ పట్టణం నుంచి మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళిన ఒక్కొక్కరికి ఒక్కో చెట్టు, ఒక్కో పేరు పలక. పోయినవారికే కాదు, తిరిగి వచ్చినవారికి కూడా. మొక్కల ఖర్చుకు ఒక బట్టల ఫ్యాక్టరీలోని అమ్మాయిలు బొమ్మలు అమ్మి డబ్బు కూడబెట్టారు. గొప్ప పని, చదివితే ఒళ్ళు పులకరిస్తుంది. కానీ ఒక చెట్టు పోతే అదే చోట, అదే పేరుతో మరొకటి నాటే ఏర్పాటు వందేళ్ళు నడవాలి. మా ఊరికి ఉన్నది ఒక సుబేదారు, ఒక నోటు పుస్తకం.

ఆ తల్లి

చెట్ల మీద నుంచి పేర్లు తీసేయడానికి ఒక్క ఇల్లు తప్ప అన్నీ ఒప్పుకున్నాయి. కశ్మీరులో పోయిన కుర్రవాడి తల్లి ఒప్పుకోలేదు. సమావేశంలో ఏమీ అనలేదు. రాయి నిలబెట్టిన మర్నాడు వచ్చి తన కొడుకు కానుగ చుట్టూ పాత చీర పేలిక ఒకటి వదులుగా కట్టి వెళ్ళింది. సుబేదారు గారు నా వైపు చూశారు. నూలు బట్ట, వదులుగా ఉంది, చెట్టుకు నష్టం లేదన్నాను. ఆ పేలికను ఏడాదికోసారి ఆమే విప్పి కొత్తది కడుతోంది.

మొదటిసారి ఆమె నన్ను అడిగిన ప్రశ్న ఇంకా గుర్తుంది. 2020 అక్టోబర్‌లో నాటుతున్నప్పుడు దగ్గరికి వచ్చి, "ఆ ఎండిపోయింది వేరే కదా నాయనా, ఇది వాడిదే అవుతుందా?" అంది. వేరు గురించి, మట్టి గురించి ఏ ప్రశ్నకైనా నా దగ్గర జవాబు ఉంటుంది. దీనికి లేదు. "నువ్వు పిడికెడు మట్టి వేశావు కదమ్మా" అన్నాను. అది జవాబు కాదని ఆమెకూ తెలుసు. తల ఊపి వెళ్ళింది. ఇప్పుడు బస్సు ఊరి స్టేజీలోనే ఎక్కుతోంది.

తరువాత

2020 నవంబర్‌లోనే, మేము నాటిన మూడో వారంలో, కశ్మీరులోని మాఛిల్ సెక్టార్‌లో ఐరాల మండలానికి చెందిన హవల్దార్ ప్రవీణ్ కుమార్ రెడ్డి ప్రాణాలు వదిలారు. 2021 డిసెంబర్ 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్ ప్రయాణించిన హెలికాప్టర్ కూలినప్పుడు కురబలకోట మండలానికి చెందిన లాన్స్ నాయక్ సాయితేజ పోయారు. రెండు సార్లూ బయటి ఊళ్ళ కుర్రవాళ్ళు వచ్చి ఇక్కడ వాళ్ళ పేరిట మొక్క నాటుతామన్నారు. వాళ్ళ ఊళ్ళలో, వాళ్ళ మట్టిలో నాటండి, గుంతలు తీయడానికి నేను వస్తానని చెప్పి పంపాం. ఒక బృందం నిజంగానే పిలిచింది.

2022లో వేపలకు ఎండు తెగులు వచ్చింది. రాష్ట్రంలో ఎక్కడ చూసినా కొమ్మల చివర్లు మాడిపోయిన వేపలే ఆ ఏడు. శిలీంధ్రం ఒక పక్క, రసం పీల్చే టీ దోమ అనే పురుగు ఒక పక్క. ఎనిమిది వేపలూ మాడాయి. మాడిన కొమ్మలు కత్తిరించి కాల్చి, కార్బెండజిమ్ అనే శిలీంధ్ర నాశిని పిచికారీ చేశాం. వానలకు ఏడు చిగిర్చాయి, ఒకటి పోయింది. చెట్లకు పేర్లు ఉన్న కాలంలో ఇది వచ్చి ఉంటే ఎన్ని ఫోన్లు వచ్చేవో.

2023 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వ 'మేరీ మాటీ మేరా దేశ్' (నా మట్టి, నా దేశం) కార్యక్రమం కింద పంచాయతీకి 75 మొక్కలు నాటమన్నారు. ఉద్దేశం మంచిదే. కానీ దేశం మొత్తం మీద 1901 తరువాత అంత పొడి ఆగస్టు లేదు. అయిదు మొక్కలు ఆ రోజు నాటి, మిగతా డెబ్బై బడి నీడలో పెట్టి అక్టోబర్‌లో నాటించాను.

పాత ముప్ఫైలో ఇప్పుడు ఇరవై ఆరు ఉన్నాయి. ఒక చింతను ఎద్దు విరిచింది. కుండల్లో సగానికి పైగా వేళ్ళు పగలగొట్టేశాయి, ఇక వాటితో పనిలేదు. కమిలిన పొగడ బతికింది, ఆ పక్కన మచ్చ మీదికి బెరడు రెండు వైపుల నుంచి మూసుకువస్తోంది.

ప్రస్తుతం ఒక దాత వనమంతా గ్రానైట్ పలకలు పరిపిస్తానంటున్నారు. మంచి మనిషి, మా రాయికి కూడా డబ్బు ఇచ్చినాయన. పలక పరిచిన చోట వాన నీరు లోపలికి దిగదు, వేసవిలో ఆ వేడికి పై వేళ్ళు మాడిపోతాయి. రాయి దగ్గరికి మూడు అడుగుల బాట చాలు, మిగతాది మట్టిగానే వదిలేయమని లెక్క వేసి ఉత్తరం రాశాను. జవాబు ఇంకా రాలేదు. వచ్చే నెల పంచాయతీ సమావేశానికి ఆ పొగడ మచ్చ ఫొటో, నోటు పుస్తకం పట్టుకుని సుబేదారు గారూ నేనూ వెళ్తున్నాం.